పగిలినవాటి గడి

ముందు గుడ్లకే తెలిసింది.

పద్దుపుస్తకంలో అన్ని గడులూ ఉన్నట్టే ఉండి
పగిలినవాటి గడి ఒక్కటే లావవుతా వచ్చింది.
సంక్రాంతి పోయినాక రోజుకు నాలుగు,
శివరాత్రి దాటేసరికి తొమ్మిది,
ఉగాది ముందర ఒగ మంగళవారం
ఇరవై మూడు.

ఫారం శేషారెడ్డితో కొట్లాడినా.
"పెంకు పేపరు మాదిరుంది,
సున్నపురాతి సీమలో ఉండి
కోళ్ళకు రొంత సున్నం పెట్టవా?"
ట్రేలను అనుమానించినా, ఎండను అనుమానించినా.
ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల దాకా
దోవను ముద్దలు ముద్దలుగా తిన్న
నాపబండల లారీలను, సిమెంటు ట్యాంకర్లను
పేరుపేరునా తిట్టినా.

కారునొక్కదాన్నే ఏమీ అనలే.
వెనక సీటు పీకించుకుని ఇరవై ట్రేలు మోస్తా
పదేళ్ళుగా నాతో తెల్లారగట్ల లేస్తాండే
పాత మారుతి.
ఇంటిమనిషిని ఎవరు అనుమానిస్తారు?

అది చెప్పకనేం, చెప్తానే ఉంది.
బడి కాడ స్పీడు బ్రేకరు దాటినాక
ఒగసారి తల ఊపాల్సింది
అవునవునవును అని ఊపేది.
బ్రేకు తొక్కితే ముక్కు వంచి
రోడ్డు వాసన చూసేది.
ముందు టైరు అక్కడక్కడా
ఎలుక కొరికిన కొబ్బెర చిప్ప.
నేనేమో స్టీరింగు ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నా,
గుంత గుంతకూ సీట్లోంచి అరంగుళం లేచినా.
దాని పని నా భుజాలు చేస్తాండాయని
జండూబామ్ సీసాలు రెండు అయిపోయేదాక
తెలియలే.

బైపాసు కాడ దాదాపీర్ పానా ముట్టుకోలే.
బానెట్టు మూల మీద రెండు చేతులూ ఆనించి
కొత్తగా అల్లిన నులకమంచాన్ని చూసినట్టు
అదిమి, వదిలినాడు.
"ఒగటి. ఇక్కడ కుదురుకోవల్ల అక్కా.
రెండు... మూడు...
చూడు, ఇంగా ఊగుతాంది."
కిందకి దూరి టార్చి కొట్టినాడు.
ఎడమ స్ట్రట్టుకు నూనె కారి, దుమ్ము పట్టి,
ఆవకాయ జాడీ మూతి.

"ఎప్పుడు పోయినాయివి?"

"ఫలానా రోజని ఉండదు.
అవి పోతా పోతా ఉంటాయి,
నువ్వు అలవాటు పడతా పడతా ఉంటావు.
రెండూ ఒగటే స్పీడు. అందుకే అగుపడదు.
నూనె కారితే మార్చల్ల, ఊగితే మార్చల్ల,
టైరు కొరికితే మార్చల్ల.
గుడ్లు పగిలితే
పోయిన నెల్లోనే మార్చల్ల."

"కారేది ఎడమదే గదా, ఒగటి మారిస్తే పోలే?"

"ఒగ కాలికి కొత్త చెప్పు,
ఒగ కాలికి అరిగింది ఏసుకోని
పెన్న ఇసకలో నడిచి రాపో,
అప్పుడు మాట్లాడదాం."

జతకు నాలుగువేల ఎనిమిదొందలు.
రూపాయల్లో వినపడలే నాకు,
ముప్పై రెండు ట్రేలని వినపడింది.
సరే అన్నా.

తిరిగొచ్చేటప్పుడు పెన్న బ్రిడ్జి మీద
ఖాళీ ట్రేలు కిమ్మనలే.
బడి కాడ కారు ఒక్కసారి వంగి, లేచి,
తన దోవన తాను పోయింది.
నా భుజాలే పిచ్చివి,
ప్రతి పాత గుంతకూ ముందే లేచి
ఆనుకునేదానికి ఏ దెబ్బా దొరక్క
గాల్లో ఉండిపోయినాయి.

మర్నాడు ఆమ్లెట్ బండి నరసింహులు
గిన్నె పట్టుకుని వచ్చినాడు.
పగిలినవి సగం ధరకు కొనేది వాడే.
ఈ మూడు నెలల్లో నా గతుకుల మీద
రెండో పొయ్యి కొన్నాడు.
గిన్నెలోకి తొంగి చూసి
"ఇంతేనా అక్కా?" అన్నాడు,
ఎవరో పోయినట్టు.

పగిలినవాటి గడిలో రెండు అని రాసి
పక్కన, పదేళ్ళలో మొదటిసారి,
ఎవరి పద్దో కూడా రాసినా:
రోడ్డు.